పచ్చల బావిలో అపటైట్

అపటైట్ అనే మాటకు అర్థం నాకు ఇరవై ఏళ్ల వయసులోనే తెలుసు. డిగ్రీ పరీక్షలో అడిగారు కూడా. గ్రీకు భాషలో మోసగించడం అనే మాట నుంచి పుట్టిన పేరు అది. ఆ ఖనిజం ఒకచోట పచ్చగా, ఒకచోట నీలంగా, మరోచోట తేనె రంగులో దొరుకుతుంది. పాతకాలం వాళ్లు దాన్ని చూసి ఒకసారి బెరిల్ అనీ, ఇంకోసారి టూర్మలిన్ అనీ పొరబడుతూ వచ్చారు. చివరికి ఒక జర్మన్ పండితుడు, ఇంతమందిని మోసం చేసిన రాయికి మోసకారి అనే పేరే తగినదని అదే ఖాయం చేశాడు. ఇదంతా తప్పు లేకుండా రాశాను. పూర్తి మార్కులు వేశారు.

మార్కులు వేసినవాళ్లు ఆ రాయిని నా చేతిలో పెట్టి అడగలేదు. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లకు ఒక కూలి ఆడమనిషి పెట్టింది. అప్పుడు ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కొత్తగా మా భూగర్భ జల శాఖలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు హనుమకొండ సుబేదారిలో మా ఇంటికి వస్తుంటారు. ఫోన్‌తో ఫొటో తీస్తే రాయి పేరు చెప్పే యాప్ వచ్చిందని చూపిస్తారు. "మీ టైంలో చాలా కష్టం కదా సార్" అంటారు. కష్టమేమీ లేదు నాయనా, ఒక చాకు ఉంటే చాలు. ఆ చాకు వాడాలన్న బుద్ధి కూడా ఉండాలి, అది నాకు లేకపోయింది. నా రిటైర్మెంటు సభలో శాలువా కప్పి, నేను చూపిన బావుల గురించి గొప్పగా మాట్లాడారు. ఈ బావి పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అప్పట్లో మా ఆఫీసు పని భూమిలో నీళ్లు వెతకడం. ఎక్కడ బావి తవ్వాలో, ఎక్కడ బోరు వేయాలో చూపించాలి. నీళ్లు పడ్డాక పరీక్ష చేయించి, తాగడానికి పనికొస్తాయో లేదో కాగితం ఇవ్వాలి. మా పెద్దసారు ఉర్దూ మీడియంలో చదువుకున్న మనిషి. పొట్టిగా, ఎప్పుడూ తెల్ల చొక్కాలో ఉండేవారు. జేబులో ఒక మడత చాకు ఉండేది. ఎవరు ఏ రాయి తెచ్చినా ముందు చాకుతో గీకి, గీత పడిందా లేదా చూసేవారు. ఆ తర్వాతే లెన్సు తీసేవారు.

"అందాజ మీద పేరు పెట్టకు బేటా" అనేవారు నాతో. "రంగు చూసి రాయికి పేరు పెట్టుడు, అంగి చూసి పిల్లనిచ్చుడు ఒక్కటే."

మేమంతా నవ్వేవాళ్లం. వెనక ఆయనకు చాకు సారు అని పేరు కూడా పెట్టాం. నేనూ ఒక చాకు కొనుక్కున్నాను గానీ దాంతో ఎక్కువగా మామిడికాయలే కోసుకునేవాణ్ణి.

స్టేషన్ ఘన్‌పూర్ దాటి లోపలికి వెళ్తే ఒక ఊరు. రెండేళ్లు వరసగా వానలు లేవు. ఊళ్లో ఉన్న ఒక్క మంచినీళ్ల బావి ఎండింది. సర్కారు ఖర్చుతో కొత్త బావి మంజూరైంది. దానికి స్థలం చూపించింది నేనే. మొదటి సొంత కేసు కావడంతో వారానికి రెండుసార్లు జీపులో వెళ్లి చూసుకునేవాణ్ణి. నలభై అడుగుల కింద గట్టి బండ తగిలింది. ఇక తోటాలు పెట్టి పేల్చడమే. మగవాళ్లు లోపల పని చేస్తుంటే, ఆడవాళ్లు పైకి వచ్చిన రాళ్లను తట్టలకెత్తి దూరంగా పోసేవాళ్లు.

అక్కడ బావి పనికి ఒక పద్ధతి ఉండేది. పొద్దున మనుషులు దిగే ముందు గట్టు మీద నిమ్మకాయ కోసి, కోసిన చాకును అక్కడే మట్టిలో గుచ్చేవాళ్లు. సాయంత్రం పని ముగిసి ఆఖరి మనిషి పైకి వచ్చేదాకా దాన్ని పెకలించకూడదు. పెకలిస్తే లోపలున్నవాళ్లకు కీడని నమ్మకం. ఆ రోజు వాళ్ల చాకు పిడి ఊడిపోతే నాది ఇచ్చాను. నా చాకుతో పని మొదలైందని నాకు లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

మధ్యాహ్నం ఒక పేలుడు తర్వాత తెల్లటి పలుగురాయి, కాకిబంగారం కలిసిన రాళ్లు పైకి వచ్చాయి. తట్టలు మోసే ఒకామె వాటిలో నుంచి ఏదో ఏరి, కొంగుతో తుడిచి నా దగ్గరికి తెచ్చింది. ఆమెకు ఐదో నెల. భర్త లోపల బండ కొడుతున్నాడు. తట్ట మోయొద్దని మేస్త్రీ చెప్పినా వినకుండా మోస్తోంది.

"జర గిది చూడు సారూ. ఏం రాయి ఇది? గింత సక్కగ ఉన్నది" అంది.

వేలెడంత పొడవు, ఆరు పలకలు, లేత పచ్చ రంగు. ఎండలో పట్టుకుంటే లోపలికి వెలుగు దిగుతోంది. బెరిల్ కూడా ఆరు పలకలే, అదీ పచ్చగానే ఉంటుంది. గీకి చూద్దామంటే నా చాకు పది అడుగుల దూరంలో మట్టిలో గుచ్చి ఉంది. పేలుడయ్యాక ఆరుగురు మళ్లీ లోపలికి దిగి ఉన్నారు. సాయంత్రం దాకా ఆగితే సరిపోయేది. కానీ చుట్టూ పదిహేను మంది చేరి నా నోరే చూస్తున్నారు. సర్పంచు కూడా వచ్చాడు. తెలియదు, సాయంత్రం చెప్తాను అనడానికి నా చదువు ఒప్పుకోలేదు.

"బెరిల్ అంటారు. పచ్చల జాతి రాయి" అన్నాను.

"పచ్చలంటే ఉంగరాలల్ల పెడ్తరు, గవ్వేనా?" అన్నాడు సర్పంచు.

"అదే జాతి. ఇది అంత ఖరీదుది కాదు లెండి."

రెండో మాట ఎవరూ వినలేదు. సాయంత్రానికల్లా మా బావిలో పచ్చలు పడ్డాయని ఊరంతా పాకింది. మర్నాడు పేలుడుకు నీళ్లూ పడ్డాయి. ఇక చూడండి సంబరం! కోళ్లు కోశారు, కల్లు తెచ్చారు, నా మెడలో బంతిపూల దండ వేశారు. బావికి పచ్చల బావి అని పేరు పెట్టేశారు. రాయి దొరికిన ఆమె దాన్ని నాకే ఇచ్చేసింది. "నాకెందుకు సారూ, నువ్వే ఉంచుకో. నీళ్లు పడ్డయి, గది చాలు" అంది. తెచ్చి ఆఫీసు బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాను. పేరు చెప్పేశాక ఇంక గీకి చూడాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

ఆ ఏడు వానలు బాగా కురిసి బావి నిండింది. దసరాకు ముందు శాంపిల్ తీసి ల్యాబుకు ఇచ్చాను. అన్నీ పరిమితిలోనే ఉన్నాయి. తాగడానికి పనికొస్తాయని కాగితం రాసి సంతకం పెట్టాను.

చలికాలంలో ఒకరోజు పెద్దసారు ఏదో ఫైలు కోసం నా బల్ల దగ్గరికి వచ్చారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ రాయి అందుకుని, అలవాటు ప్రకారం చాకు తీసి గీకారు. సన్నగా, తెల్లగా గీత పడింది.

"ఏందిది?"

"బెరిల్ సార్."

"బెరిల్ మీద గీత పడ్తదా? బెరిల్‌ను గీకితే చాకే అరుగుతది. అపటైట్ ఇది. పేరుకు అర్థం ఎరుకేనా?"

"మోసకారి సార్" అన్నాను. పక్క బల్ల గుమాస్తా కిసుక్కున నవ్వాడు. పెద్దసారు కూడా నవ్వారు గానీ మధ్యలోనే ఆపేశారు.

"ఏ బావిల దొరికింది?"

చెప్పాను. ఆయన నీళ్ల రిపోర్టు తెప్పించుకుని శాంపిల్ ఎప్పుడు తీశానో చూశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"దీంట్ల ఫ్లోరిన్ ఉంటది. ఇంత పెద్ద ముక్క దొరికిందంటే ఆ బండల ఇంకెంత ఉన్నదో. వానకాలం నీళ్ల మీద భరోసా పెట్టకు. అప్పుడు కొత్తనీరు కలుస్తది, పలచగ చూపిస్తది. ఎండలు ముదిరి నీళ్లు అడుగుకు పోయినంక మళ్ల శాంపిల్ తియ్యి. నువ్వే పో, ఇంకెవర్నీ పంపకు."

ఆ మాటల వెనక సంగతి మీకు చెప్పాలి. బండలోని ఆ ఫ్లోరిన్ కరిగిన నీళ్లు పిల్లలు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు పాడవుతాయి, తర్వాత ఎముకలు వంకర పోతాయి. ఇది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. బావిని తవ్వించినవాడిగా ఆ ఊరి పిల్లల పూచీ నా మీదే ఉందని ఆ రోజు స్పష్టంగా అర్థమైంది.

ఉగాదికి ముందే పెద్దసారుకు వేరే జిల్లాకు బదిలీ అయింది. మే నెలలో నేను రెండు ప్లాస్టిక్ క్యాన్లు జీపులో వేసుకుని ఆ ఊరికి వెళ్లాను. బావి చుట్టూ బిందెల వరస. పక్క ఊరి నుంచి ఎడ్లబండ్లు కూడా వచ్చాయి. నన్ను చూడగానే పిల్లలు "పచ్చల సారొచ్చిండు" అని అరుస్తూ పరిగెత్తారు. సర్పంచు తన ఇంటి పందిరి కింద మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"ఇంక ఎప్పుడు తీస్తరు సారూ పచ్చలు?" అన్నాడు. "హనుమకొండల బంగారం దుకాణం సేటును అడిగిన. ఒకటి దొరికిందంటే లోపట ఇంక ఉంటయన్నడు. ఇప్పుడు మా ఊరి పోరగాండ్లకు పిల్లనిస్తమని దూరం కెల్లి సుత వస్తాండ్రు. పచ్చల బావి ఊరు మీదేనా అని అడుగుతాండ్రు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వుల మధ్య, అది పచ్చ కాదు, నేను తప్పు చెప్పాను, ఆ రాయి వల్లే ఈ నీళ్ల మీద అనుమానం వచ్చింది అని చెప్పాలి. క్యాన్లు దింపితే ఎందుకని అడుగుతారు, అడిగితే మొత్తం చెప్పాల్సి వస్తుంది. క్యాన్లు దింపలేదు. పైఅధికారులకు రాశాం, చూద్దాం అని ఏదో అన్నాను. అరగంట కూర్చుని లేచాను. ఖాళీ క్యాన్లు ఖాళీగానే జీపులో తిరిగి వచ్చాయి.

రిజిస్టరులో, బావి వద్ద రద్దీ వల్ల శాంపిల్ తీయలేదు, వచ్చే నెలలో తీయాలి, అని రాశాను. వచ్చే నెలలో వానలు పడ్డాయి. పెద్దసారు ఒకసారి ఏదో పని మీద ఆఫీసుకు ఫోన్ చేసి, "ఆ బావి శాంపిల్ తీసినవా?" అని అడిగారు.

"తీశాను సార్. బాగానే ఉంది" అన్నాను.

"శభాష్" అన్నారు. ఆ తర్వాత నాకూ బదిలీ అయింది, ప్రమోషన్ వచ్చింది. ఆ బావి జ్ఞాపకం వచ్చినప్పుడల్లా ఆ ఊళ్లో వేరే నీళ్లు ఎక్కడున్నాయి అని నాకు నేను సర్ది చెప్పుకునేవాణ్ణి. అది నిజమే. కానీ నేను శాంపిల్ తీయకపోవడానికి కారణం అది కాదు. పదిమంది ముందు ఒక రాయి పేరు తప్పు చెప్పానని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. అంతే.

ఏడెనిమిదేళ్ల తర్వాత తిరిగి హనుమకొండకు వచ్చాను. ఒకరోజు పొద్దున ఆఫీసు వరండాలో ఒకామె నిలబడి ఉంది. పక్కన ఒక ఆడపిల్ల.

"బావి కాడ రాయిచ్చిన సారూ. యాదికున్ననా?" అంది.

అప్పుడు గుర్తుపట్టాను. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. నేను పలకరించినా తీయలేదు.

"చెయ్యి తియ్ బిడ్డా, సారుకు పండ్లు చూపియ్యి" అంది తల్లి. పిల్ల తల అడ్డంగా ఊపింది. తల్లే మెల్లగా ఆ చెయ్యి పక్కకు జరిపింది. కొత్తగా వచ్చిన ముందు పళ్లు. వాటి మీద అడ్డంగా గోధుమరంగు చారలు. "బడిల అందరు ఎక్కిరిస్తాండ్రని పోతలేదు. కాళ్లు సుత చూడు సారూ."

మోకాళ్లు రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి. పాదాలు దూరంగా పడుతున్నాయి.

"పెద్ద దవాఖానకు తీస్కపోయిన. బొక్కలల్ల ఏందో తేడా ఉన్నదంటాండ్రు. ఏం నీళ్లు తాగుతాండ్రని అడిగిండ్రు. పచ్చల బావియే అన్న. ఆ బావి సంగతి నీకెరుక గదా సారూ. జర చూసి చెప్పు, నీళ్లల్ల ఏమన్న ఉన్నదా? మా వాడల ఇంకిద్దరు పోరగాండ్లకు గిట్లనే అయితాంది."

ఆమె నన్ను నిలదీయడానికి రాలేదు. నమ్మకంతో వచ్చింది. ఆమె నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ రోజు నాకు తేలిగ్గా ఉండేది. మధ్యాహ్నమే వెళ్లి శాంపిల్ తెచ్చాను. ల్యాబులో కెమిస్టు మేడం పరీక్ష చేసి, ఫలితం నమ్మలేక మళ్లీ చేసింది. మూడో రోజు మా మనుషులతో వెళ్లి బావి గట్టుకు ఎర్ర రంగు పూయించి, తాగకూడదని రాయించాను. ఊరి జనం చూస్తూ నిలబడ్డారు. సర్పంచుకు అప్పటికే పదవి పోయింది. దగ్గరికి వచ్చి, "ఎనిమిదేండ్లకు ఎరుకైందా సారూ?" అని మాత్రం అడిగాడు. నేను వెళ్లి జీపెక్కాను.

మన ఎముకలు, పళ్లు కూడా అపటైట్ జాతి ఖనిజంతోనే తయారవుతాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే అది ఆ ఎముకలోకే చేరి దాన్ని మార్చేస్తుంది. ఇది కూడా పుస్తకంలో ఉంది, నేను చదివాను. అందుకే ఆ జర్మన్ పండితుడు పెట్టిన పేరు మీద నాకు ఇప్పుడు గౌరవం లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చూడటం చేతకానివాళ్లు రాయిని మోసకారి అన్నారు. ఆ రాయి ఒక్క గీతతో తన సంగతి మొత్తం చెప్పేసింది. దాచింది నేను.

ఆ రిజిస్టరు ఎవరూ తిరగేయలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. బావి మూయించి ఊరిని కాపాడిన అధికారి అని కొందరు మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పును కాదనకుండా తీసుకున్నాను. మిగిలిన సర్వీసు సాఫీగా గడిచిపోయింది.

పోయిన ఎండాకాలంలో పెద్దసారు చనిపోయారు. చూసి వచ్చాక నాకు నాలుగు రోజులు నిద్ర లేదు. బాగానే ఉంది సార్ అని నేను చెప్పిన అబద్ధాన్ని నమ్ముతూనే ఆయన వెళ్లిపోయారు. నిజం చెప్పుకోవడానికి ఇక మిగిలింది రాయి ఇచ్చిన ఆమె ఒక్కతే. ఐదో రోజు బస్సెక్కి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగి, ఆటోలో ఆ ఊరికి వెళ్లాను.

ఇప్పుడు ఊళ్లో ఇంటింటికీ నల్లా ఉంది. ఎక్కడో నది నుంచి నీళ్లు వస్తాయి. ఆమె ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది, మెడ పక్కకు తిరగడం లేదు. లోపల కూతురు బట్టలు కుడుతోంది. కాళ్లతో తొక్కడం తనవల్ల కాదు కాబట్టి మిషన్‌కు మోటారు బిగించారు. కూతురికి ముప్పై ఏళ్లు దాటాయి. సంబంధాలేవీ కుదరలేదని ఆమే చెప్పింది.

నేను అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పాను. నిమ్మకాయ కోసిన చాకు దగ్గర నుంచి ఖాళీ క్యాన్ల దాకా. ఆమె చింతగింజలు తీస్తూనే ఉంది. నేను తప్పు చేశానమ్మా అని ముగించేసరికి లోపల మిషన్ చప్పుడు ఆగిపోయి ఉంది.

"రాయి పేరు తప్పు చెప్పినవని నాకేం కోపం లేదు సారూ" అంది. "రాళ్ల పేర్లు నాకేమెరుక? ఆ ఎండకాలం నువ్వొచ్చి సర్పంచు ఇంటికాడ కూసున్నప్పుడు, నీకు చెంబుల నీళ్లు తెచ్చిచ్చింది నేనే. సంకల పిల్ల. దూపైతలేదు అన్నవు. గంత ఎండల వచ్చిన మనిషికి దూప గాకుంట ఎట్లుంటదని మనసుల పడ్డది నాకు."

ఆ చెంబు సంగతి ఇంతవరకు మీకూ చెప్పలేదు. దాచాలని కాదు, నిజంగానే మరిచిపోయాను. ఆమె అన్నాక గుర్తొచ్చింది. నాకు ఆ రోజు నాలుక పిడచకట్టుకుపోతోంది. ఊరు దాటగానే జీపు ఆపించి, ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా ఎత్తి గటగటా తాగాను.

ఆమె చేతిలోని గింజను పక్కన పెట్టింది.

"అనుమానమైతే వచ్చింది సారూ. గని సదువుకున్న మనిషి, నీళ్లల్ల ఏమన్నుంటే చెప్పకుంట పోతడా అనుకున్న. పారబోస్తే పాపమని, నువ్వు వద్దన్న ఆ చెంబు నీళ్లు నా బిడ్డకే తాపిన."